స్కా ఓటింగ్ పట్టికను మరొకసారి చూడండి: మిడ్‌ల్యాండ్స్‌లోని తెలుగు సంగీత మిత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహక మిత్రులకు, ఓటు వేయబోతున్న సభ్యులందరికీ నమస్కారం.

జమైకాలో పుట్టిన స్కా అనే నాట్య సంగీతానికి 1979 ప్రాంతంలో బ్రిటన్‌లో వచ్చిన పునరుజ్జీవనంలో అత్యుత్తమ బ్యాండ్ ఏది, అత్యుత్తమ పాట ఏది అన్న విషయం మీద ఈ నెలాఖరు సమావేశంలో ఓటింగ్ పెడుతున్నట్లు మీరు పంపిన పట్టిక నాకు అందింది. ఉద్యోగాల కోసం వచ్చి బర్మింగ్‌హామ్, కోవెంట్రీ చుట్టుపక్కల స్థిరపడిన మనం, ఈ ఊళ్ళలోనే పుట్టిన సంగీతాన్ని ఇంత పట్టుదలగా చర్చించుకోవడం నాకు చాలా సంతోషం కలిగించింది. గత సమావేశంలో ది స్పెషల్స్ గొప్పదా, మ్యాడ్‌నెస్ గొప్పదా అని రాత్రి పదకొండింటి దాకా జరిగిన వాదనలో నేనూ గొంతు పెంచినవాణ్ణే. అయితే పట్టికను రెండు మూడు సార్లు చదివాక, ఓటు వేయడానికి ముందే కొన్ని మాటలు అందరి ఎదుటా చెప్పడం న్యాయమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

పట్టికలో బ్యాండ్లను చార్టుల్లో సాధించిన విజయాలను బట్టి వరుసలో పెట్టారు. మ్యాడ్‌నెస్ అగ్రస్థానంలో ఉంది. ది సెలెక్టర్ ఐదో వరుసలో, బ్యాడ్ మానర్స్ కింద ఉంది. ది బాడీస్నాచర్స్ పేరు 'ఇతరులు' అన్న గడిలో కనబడింది. ఒక్కో పాట పక్కన విడుదలైన సంవత్సరమూ, చార్టులో చేరిన స్థానమూ ఉన్నాయి గానీ, ఆ పాటను మొదట పాడినవారెవరో, అందులో ఊదినవారెవరో ఎక్కడా లేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. చార్టు ఏ పాట ఎంత అమ్ముడైందో చెబుతుంది. ఈ సంగీతం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరిని ఒక వేదిక మీదికి తెచ్చింది అన్నది చార్టులో దొరకదు. 1979లో ఈ ఉద్యమం మొదలైందే ఆ రెండో పని కోసం కనుక, బ్యాండ్లను తూచేటప్పుడు దాన్నే ముందు చూడాలని నా విన్నపం.

నేను కోవెంట్రీకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వచ్చిన కొత్తలో మా పక్కింట్లో, చిన్న వయసులో జమైకా నుంచి వచ్చి, బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. స్కా అంటే ఏమిటో నాకు తెలిసింది ఆయన ముందుగదిలోనే. నేను ఏదో అడగబోతే ఆయన వారించి, మోకాలి మీద తాళం వేస్తూ ఉండమన్నారు. రికార్డు తిరగడం మొదలైంది. నా చెయ్యి మోకాలి మీద పడ్డప్పుడల్లా బేస్ నడక వినిపిస్తోంది, చెయ్యి పైకి లేచిన ప్రతిసారీ గిటారు 'చక్' మని తెగుతోంది. దెబ్బకీ దెబ్బకీ నడుమ మనం ఖాళీ అనుకునే చోటే ఆ పాట నిలబడి ఉంది. మన సంగీతంలో తాళం దెబ్బ పడ్డాక పాట ఎత్తుకోవడాన్ని అనాగత గ్రహం అంటారు. పోలిక పూర్తిగా అతకదని తెలిసినా, ఆ ఖాళీని పట్టుకోవడానికి నాకు అప్పుడు అక్కరకొచ్చింది ఆ చిన్ననాటి పాఠమే. కాళ్ళు వాటంతటవే కదలడం మొదలుపెట్టాక ఆయన నవ్వి, ఇప్పుడు అడుగు అన్నారు.

ఆ రోజు ఆయన రెండు రికార్డులు ఒకదాని తర్వాత ఒకటి వేశారు. మొదటిది 1967లో డాండీ లివింగ్‌స్టన్ పాడిన 'రూడీ, ఎ మెసేజ్ టు యూ'. రెండోది 1979లో ది స్పెషల్స్ పాడిన 'ఎ మెసేజ్ టు యూ రూడీ'. గొంతులు వేరు, నడక వేరు, రికార్డింగు నాణ్యత వేరు. కానీ రెండింటిలోనూ పాటను మొదలుపెట్టి చేతికందించే ఆ ట్రాంబోన్ అనే ఊదే ఇత్తడి వాద్యం మాత్రం ఒక్కరిదే, రికో రోడ్రిగ్జ్‌ది. క్యూబాలో పుట్టి, జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని ఆల్ఫా బాలుర పాఠశాలలో వాద్యం నేర్చుకుని, 1961లో ఇంగ్లండ్ చేరిన ఆ విద్వాంసుడు, మొదటి రికార్డు వచ్చిన పన్నెండేళ్ళకు తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళ పక్కన నిలబడి అదే వరుసను మళ్ళీ ఊదారు. పెద్దాయన సూదిని వెనక్కి తీసి, ట్రాంబోన్ వచ్చే చోటు మాత్రమే నాకు నాలుగైదు సార్లు వినిపించారు. 1967లో ఆ వాద్యం కాస్త ముందుకు తోసుకువస్తున్నట్టుంది, 1979లో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. మీ పట్టికలో ఆ పాట ఎదుట '10వ స్థానం' అని మాత్రమే ఉంది. డాండీ పేరూ లేదు, రికో పేరూ లేదు.

ఇది ఆ ఒక్క పాట సంగతి కాదు. 1979లో వచ్చిన స్పెషల్స్ తొలి రికార్డు 'గ్యాంగ్‌స్టర్స్' జమైకా స్కా గాయకుడు ప్రిన్స్ బస్టర్ పాడిన 'అల్ కపోన్' మీద కట్టింది. మొదట్లో వినిపించే కారు టైర్ల కీచు కూడా ఆ పాత రికార్డు నుంచే వచ్చింది. మ్యాడ్‌నెస్ తన పేరునే ప్రిన్స్ బస్టర్ పాట నుంచి తీసుకుంది. వాళ్ళ మొదటి రికార్డు 'ది ప్రిన్స్' ఆయనకు నివాళిగా రాసిన పాట, వాళ్ళకు ఊరూరా పేరు తెచ్చిన 'వన్ స్టెప్ బియాండ్' ఆయనదే. 'టూ మచ్ టూ యంగ్' వెనుక జమైకా గాయకుడు లాయిడ్ చార్మర్స్ పాట ఉంది. బాడీస్నాచర్స్ 'లెట్స్ డూ రాక్ స్టెడీ' మళ్ళీ డాండీ లివింగ్‌స్టన్ దగ్గరికే చేరుతుంది. ఈ అప్పును ఆ బ్యాండ్లేవీ దాచుకోలేదు. పాత పాటలను పాడటం, పాత విద్వాంసులను వెంట తెచ్చుకోవడం వాళ్ళకు గర్వకారణం. వాళ్ళే గర్వంగా చెప్పుకున్నదాన్ని అభిమానులమైన మనం పట్టికలో నుంచి తీసేయడం బాగుండదు. కనుక ప్రతి పాట పక్కన 'మూలం' అన్న గడి ఒకటి చేర్చమని నా మొదటి అభ్యర్థన. ఆ గడి నింపడానికి కావలసిన వివరాలు నేనే రాసి పంపుతాను.

కొత్తగా చేరిన సభ్యుల కోసం నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. జమైకాకు 1962లో స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో అక్కడ ఊపందుకున్న నాట్య సంగీతం స్కా. అది 1966 ప్రాంతంలో నెమ్మదించి రాక్ స్టెడీ అయింది, 1968 నాటికి రెగ్గేగా మారింది. అక్కడి నుంచి ఇంగ్లండుకు వలస వచ్చిన కుటుంబాలతో పాటు రికార్డులూ వచ్చాయి. మిల్లీ స్మాల్ పాడిన 'మై బాయ్ లాలీపాప్' 1964లో ఇక్కడి చార్టులో 2వ స్థానానికి చేరింది. ఆ కుటుంబాల పిల్లలూ, వాళ్ళ పక్కింటి తెల్ల పిల్లలూ ఒకే వీధుల్లో పెరిగి, 1970ల చివరికి పంక్ వేగాన్నీ పాత స్కా దరువునూ కలిపారు. దేశంలో నిరుద్యోగం పెరుగుతోంది, జాతివాద పార్టీ అయిన నేషనల్ ఫ్రంట్ వీధుల్లో ఊరేగుతోంది. అలాంటి రోజుల్లో, 1979లో, కోవెంట్రీలో స్పెషల్స్ బ్యాండ్ నాయకుడు జెర్రీ డామర్స్ టూ టోన్ అనే రికార్డు లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థ, మొదలుపెట్టారు. నలుపు తెలుపు గళ్ళు దాని గుర్తు. సూటూ టోపీ వేసుకుని నిలబడ్డ బొమ్మ మనిషి దాని ముద్ర. జమైకా రెగ్గే గాయకుడు పీటర్ టోష్ పాత ఫోటో ఒకటి చూసి గీసిన ఆ బొమ్మకు వాల్ట్ జాబ్స్కో అని పేరు పెట్టారు. డామర్స్ 1955లో ఊటీలో పుట్టారన్న సంగతి మన సమావేశాల్లో తరచూ వస్తుంటుంది. ఆయన తండ్రి క్రైస్తవ మతాచార్యులు. అది నిజమే, వినడానికి ముచ్చటగానూ ఉంటుంది. అయితే ఆయన సంగీతం మాత్రం కోవెంట్రీదీ కింగ్‌స్టన్‌దీ. దాన్ని ఆ కారణంగా మనది అనుకోవడం సరికాదు.

ఇక మ్యాడ్‌నెస్ విషయానికి వస్తాను. పట్టిక తయారు చేసినవారు నాకు ఆత్మీయులు, వారికి మ్యాడ్‌నెస్ ప్రాణం, ఆ సంగతి తెలిసే రాస్తున్నాను. ఉత్తర లండన్‌లోని క్యామ్‌డెన్ కుర్రాళ్ళు ఏడుగురు కట్టిన పాటల నేర్పును నేను తక్కువ చేయను. 'అవర్ హౌస్' లాంటి పాట, అంటే ఒక మామూలు ఇంటి ఉదయపు హడావిడి అంతా పట్టిన పాట, నాకు తెలిసి బ్రిటిష్ పాప్ సంగీతంలో బహు కొద్ది. 'ఎంబరాస్‌మెంట్' అంతకంటే లోతైనది. శాక్సఫోన్ వాయించే లీ థాంప్సన్ తన సొంత చెల్లెలి విషయంలో, ఆమె కడుపులో ఉన్నది నల్లజాతి తండ్రి బిడ్డ అని తెలిసి ఇంట్లోవాళ్ళు ముఖం చాటేసిన తీరును, హుషారైన బాణీలో పెట్టి పాడించారు. ఆ పాట పట్టికలో లేదు. 'హౌస్ ఆఫ్ ఫన్' ఉంది, 1982లో 1వ స్థానానికి వెళ్ళింది కాబట్టి. చార్టు కొలబద్ద అయితే మ్యాడ్‌నెస్‌కు కూడా అన్యాయమే జరుగుతుందని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

అయితే స్కా పునరుజ్జీవనంలో మ్యాడ్‌నెస్ ఉన్న కాలం చిన్నది. టూ టోన్‌లో ఒక్క రికార్డు విడుదల చేశాక ఎవరైనా వెళ్ళిపోవచ్చన్నది ఆ లేబుల్ పెట్టుకున్న ఉదారమైన నియమం. మ్యాడ్‌నెస్ ఆ ఒక్కటీ చేసి స్టిఫ్ రికార్డ్స్‌కు వెళ్ళిపోయింది. రెండు మూడేళ్ళలో వాళ్ళ పాట స్కా నుంచి బాగా దూరం జరిగి, లండన్ వీధుల కథలు చెప్పే పాప్‌గా మారింది. అది తప్పు కాదు, ఎదుగుదలే. కానీ 1982 నాటి విజయాలను లెక్కలో వేసి వాళ్ళను స్కా బ్యాండ్లలో మొదటిదిగా నిలబెట్టడం తర్కానికి నిలవదు. స్కా వరకే తీసుకుంటే వాళ్ళ బలమంతా 1979 నాటి మొదటి ఆల్బమ్‌లో ఉంది, దాన్నిబట్టే ఓటు వేయాలి.

ఇప్పుడు ఈ లేఖ రాయడానికి అసలు కారణమైన ది సెలెక్టర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆ బ్యాండ్ పుట్టుకే విచిత్రం. 'గ్యాంగ్‌స్టర్స్' రికార్డు చేశాక వెనుక వైపు వేయడానికి స్పెషల్స్ దగ్గర రెండో పాట లేదు, చేయించుకోవడానికి డబ్బూ లేదు. కోవెంట్రీలోనే ఉండే గిటారిస్టు నియోల్ డేవిస్, డ్రమ్మరు జాన్ బ్రాడ్‌బరీతో కలిసి 1977లో రికార్డు చేసి పెట్టుకున్న వాద్య సంగీతం ఒకటుంది. దానికి 'ది సెలెక్టర్' అని పేరు పెట్టి వెనుక వైపు వేశారు. రికార్డు 6వ స్థానానికి చేరింది. అప్పటికి ఆ పేరుతో బ్యాండే లేదు. ఆ తర్వాత నియోల్ డేవిస్ ఊరంతా తిరిగి మనుషులను కూర్చుకున్నారు. ఏడుగురిలో ఆయన ఒక్కరే తెల్లవారు, మిగిలిన ఆరుగురూ నల్లజాతివారు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేస్తున్న పాలిన్ బ్లాక్ గాయనిగా వచ్చారు.

నలుపూ తెలుపూ కలిసి ఉండాలని చెప్పిన ఉద్యమంలో, ఆ మాటను మనుషుల సంఖ్యలో కూడా నిజం చేసినవారెవరో ఒకసారి లెక్క చూడండి. మ్యాడ్‌నెస్‌లో అందరూ తెల్లవారు. స్పెషల్స్ ఏడుగురిలో లిన్వాల్ గోల్డింగ్, నెవిల్ స్టేపుల్ ఇద్దరే నల్లజాతివారు. నేషనల్ ఫ్రంట్ మద్దతుదారులు గుంపులుగా వచ్చి గొడవ చేసే హాళ్ళలో, ఆరుగురు నల్లజాతి సంగీతకారులతో రాత్రి తర్వాత రాత్రి వేదిక ఎక్కడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. దానికి తోడు ముందు నిలబడి పాడుతున్నది ఒక స్త్రీ. పాలిన్ బ్లాక్ గౌను వేసుకోలేదు. మగవాళ్ళలాగే సూటూ అంచు టోపీ ధరించి, వాళ్ళతో సమానంగా గంతులు వేస్తూ, గొంతును ఒక్కసారిగా పై స్థాయికి విసిరి పాడారు. అప్పటి వీడియోల్లో ఒకటి చూస్తే తెలుస్తుంది, ఆమె ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండరు, అయినా మాట ఒక్కటీ చెదరదు.

'ఆన్ మై రేడియో' ఆ గొంతుకు సరైన పాట. పల్లవి దగ్గర ఆమె స్వరం పైకి ఎగిరి, మళ్ళీ కిందికి దూకి, తిరిగి ఎగురుతుంది. ఆర్గాన్ వెనుక నుంచి పొడుస్తూ ఉంటుంది. రేడియో ఎప్పుడూ అవే అవే వినిపిస్తుందన్న ఫిర్యాదు ఆ పాట సారం. ఆ ఫిర్యాదునే రేడియోలు వినిపించాయి, 1979లో అది 8వ స్థానానికి చేరింది. ఆ ఏడాది నవంబరు 8న 'టాప్ ఆఫ్ ది పాప్స్' కార్యక్రమంలో స్పెషల్స్, సెలెక్టర్, మ్యాడ్‌నెస్ మూడూ ఒకే రాత్రి కనిపించాయి. దేశమంతా చూసే టీవీలో ఒక్క లేబుల్ నుంచి ఎదిగిన మూడు బ్యాండ్లు. మీ పట్టికలో వీటిలో రెండింటికి నాలుగేసి పాటలు, సెలెక్టర్‌కు ఒక్కటే. 'త్రీ మినిట్ హీరో' కూడా ఉండాలని నా మనవి. ఫ్యాక్టరీ పని ముగించుకుని విసిగి ఇంటికి వచ్చిన మనిషికి మూడు నిమిషాల పాట ఇచ్చే ఊపిరి అందులో ఉంది. కార్ల ఫ్యాక్టరీల ఊరైన కోవెంట్రీ నుంచి అలాంటి పాట రావడం సహజం. షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడే మన సభ్యుల్లో చాలామందికి అది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

సెలెక్టర్ మొదటి ఆల్బమ్ 'టూ మచ్ ప్రెషర్' 1980లో 5వ స్థానానికి వెళ్ళింది. 1981లో వచ్చిన 'సెలబ్రేట్ ది బుల్లెట్' హింసను ఖండించే పాటే అయినా, తుపాకీ హత్యల వార్తలు ఇంకా చల్లారని ఆ రోజుల్లో పేరు చూసే రేడియోలు జంకాయి. ఆ తర్వాత బ్యాండ్ చెదిరిపోయింది. చార్టులో వాళ్ళ వారాలు తక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణం. పాలిన్ బ్లాక్‌తో కలిసి దశాబ్దాల పాటు ఆ పేరును నిలబెట్టిన గాయకుడు గ్యాప్స్ హెండ్రిక్‌సన్ 2024లో మరణించారు. ఆ వార్త వచ్చిన వారంలో మన సమావేశం జరిగింది, ఆయన ప్రస్తావన రాలేదు. అప్పుడు లేచి చెప్పనందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

బర్మింగ్‌హామ్ సభ్యులు ది బీట్ గురించి ఏమంటావని అడుగుతారు. ఆ బ్యాండ్‌కు మీరిచ్చిన స్థానం మీద నాకు పేచీ లేదు. ముగ్గురు నల్లవారు, ముగ్గురు తెల్లవారు, వాళ్ళలో శాక్సఫోన్ వాయించిన శాక్సా అప్పటికే ప్రిన్స్ బస్టర్, డెస్మండ్ డెక్కర్ వంటివారి పక్కన వాయించిన జమైకా పెద్దాయన. పక్కన టీనేజీ దాటని ర్యాంకింగ్ రోజర్. తాతా మనవళ్ళ మధ్య ఉండే చనువు వాళ్ళిద్దరి మధ్యా వినిపిస్తుంది. 'మిర్రర్ ఇన్ ద బాత్‌రూమ్' నాకు ఈ కాలపు పాటల్లో రెండోది. తనలో తాను ఇరుక్కుపోయిన మనిషి ఊపిరాడనితనాన్ని బేస్ గిటారు ఒక్క క్షణం వదలకుండా తరుముతుంది, చివరికి శాక్సా ఊపిరి ఊదినప్పుడే కిటికీ తెరిచినట్టవుతుంది. 'స్టాండ్ డౌన్ మార్గరెట్' పాటతో ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్‌ను పేరు పెట్టి దిగిపొమ్మని అడిగారు, ఆ రికార్డు మీద వచ్చిన డబ్బును అణ్వాయుధ వ్యతిరేక ప్రచారానికి ఇచ్చారు. అది పట్టికలో ఉన్నందుకు కృతజ్ఞతలు.

బ్యాడ్ మానర్స్ టూ టోన్ లేబుల్‌లో ఎన్నడూ లేదు. అయినా వాళ్ళ గాయకుడు బస్టర్ బ్లడ్‌వెసెల్ సందడికి ఈ చర్చలో చోటుంది, ఉండనివ్వండి. యూబీ40ని చేర్చాలన్న సూచనను మాత్రం తిరస్కరించాలి. అది మంచి రెగ్గే బ్యాండ్, స్కా కాదు. బాడీస్నాచర్స్‌ను 'ఇతరులు' గడిలో నుంచి బయటికి తేవాలి. రోడా డకార్ గాయనిగా ఏడుగురు స్త్రీలు కట్టిన ఆ బ్యాండ్ కొద్ది కాలమే నిలిచినా, ఆరు బ్యాండ్ల కచేరీలను చిత్రించి 1981లో విడుదలైన 'డ్యాన్స్ క్రేజ్' సినిమాలో మిగిలిన ఐదింటితో సమానంగా వేదిక పంచుకుంది. ఆ రోజు ఆ సినిమా తీసినవారికి ఇతరులు కానివారు మనకెందుకు అవుతారు?

పాటల విషయంలో నా మొదటి ఓటు స్పెషల్స్ పాడిన 'ఘోస్ట్ టౌన్'కే. ఇది అందరూ చెప్పేదే కదా అని కొందరు సభ్యులు నిరుత్సాహపడ్డారు. ఇంకొందరు అది నెమ్మదైన రెగ్గే నడక, స్కా పాట కాదని అభ్యంతరం చెప్పారు. నడక విషయంలో వాళ్ళ మాట నిజమే. అయితే ఆ గిటారు ఖాళీలో పడే తీరును మోకాలి మీద తాళం వేసి చూడండి, స్కా తన వేగం తగ్గించుకుని చుట్టూ చూస్తున్నట్టు ఉంటుంది. 1981లో కోవెంట్రీ పక్కనున్న లెమింగ్టన్‌లో ఒక చిన్న స్టూడియోలో, ఎనిమిది ట్రాకుల యంత్రం మీద దాన్ని రికార్డు చేశారు. కచేరీల కోసం ఊరూరా తిరుగుతున్నప్పుడు గ్లాస్గో వీధుల్లో ముసలివాళ్ళు ఇంట్లోని కప్పులూ సాసర్లూ తెచ్చి అమ్ముకోవడం చూశానని, ఆ దృశ్యం ఈ పాటకు ఒక కారణమని డామర్స్ చెప్పారు. గాయకుడు టెర్రీ హాల్ గొంతులో కోపం వినిపించదు, ఏడుపూ వినిపించదు. ఇంటి సామాన్ల లెక్క చదువుతున్నట్టు చదువుతారు, అందుకే ఒళ్ళు జలదరిస్తుంది. వెనుక నుంచి రికో ట్రాంబోన్ ఊరు వదిలి వెళ్ళినవాళ్ళను పిలుస్తున్నట్టు ఉంటుంది.

మన సభ్యుల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1981 వసంతంలో కోవెంట్రీ నడిమధ్యన భారత సంతతికి చెందిన, చదువుకుంటున్న ఒక యువకుణ్ణి జాతి ద్వేషంతో చంపారు. ఆ జూన్ 20న స్పెషల్స్ తమ ఊళ్ళోనే బట్స్ స్టేడియంలో జాతి వివక్షకు వ్యతిరేకంగా కచేరీ చేశారు. అప్పటికి 'ఘోస్ట్ టౌన్' దుకాణాల్లోకి వచ్చింది. జూలైలో దేశమంతటా నగరాలు అల్లర్లతో తగలబడుతుండగా అది 1వ స్థానంలో మూడు వారాలు నిలిచింది. రికార్డు వెనుక వైపు 'వై?' అన్న పాట ఉంది. 1980లో లండన్ వీధిలో తనను కొట్టినవాళ్ళను లిన్వాల్ గోల్డింగ్ ఎందుకని అడిగిన పాట అది. ముందూ వెనుకా రెండూ విన్నాక ఓటు వేయండి. మనకంటే ముందు ఈ ఊళ్ళలో పగలంతా ఫ్యాక్టరీలో పనిచేసి, చీకటి పడ్డాక బయటికి రావడానికి భయపడ్డ భారతీయ కుటుంబాల పక్షాన నిలబడినవాళ్ళలో ఈ బ్యాండ్ ఒకటి.

ఆ రికార్డు వెనుక వైపే 'ఫ్రైడే నైట్, సాటర్డే మార్నింగ్' అని మరో పాట కూడా ఉంది. శుక్రవారం రాత్రి ఊళ్ళోని లొకార్నో నృత్యశాలకు వెళ్ళి, తెల్లవారుజామున ఒంటరిగా ఇంటి దారి పట్టే కుర్రాడి కథ. తర్వాత టిఫనీస్‌గా పేరు మారిన అదే హాల్లో 'టూ మచ్ టూ యంగ్' రికార్డులోని రెండో వైపు కచేరీలో ఉండగానే రికార్డు చేశారు. ఆ భవనమే 1986 నుంచి కోవెంట్రీ సెంట్రల్ లైబ్రరీ. మా పిల్లలకు కథల పుస్తకాలు తెచ్చింది అక్కడి నుంచే. పుస్తకాల అరల మధ్య నడుస్తుంటే, నేల ఇక్కడే ఎగిరి ఉంటుంది కదా అని ప్రతిసారీ అనుకుంటాను.

ఇక 1984 నాటి 'నెల్సన్ మండేలా' పాటను, అప్పటికి టెర్రీ హాల్, నెవిల్ స్టేపుల్, లిన్వాల్ గోల్డింగ్ విడిపోయారన్న కారణంగా పట్టిక నుంచి తొలగించడం నాకు సమ్మతం కాదు. పేరు మారినా స్పెషల్ ఏకేఏ డామర్స్ బ్యాండే, మొదలుపెట్టిన పని అదే. జైల్లో ఉన్న మనిషి పేరు తెలియని పిల్లలు కూడా ఆ పల్లవి పట్టుకుని గంతులు వేశారు. 9వ స్థానం అని మీరే రాసుకున్నారు, కనుక మీ లెక్క ప్రకారం చూసినా దానికి చోటుండాలి.

నా అభ్యర్థనలు ఇవి. ప్రతి పాట పక్కన మూల గాయకుడి పేరు, ముఖ్య వాద్యకారుల పేర్లు చేర్చండి. బ్యాండ్లను చార్టు వరుసలో కాక, అక్షర క్రమంలో రాయండి. బాడీస్నాచర్స్‌కు సొంత వరుస ఇవ్వండి. సెలెక్టర్ పాటలు మరో రెండు, 'ఎంబరాస్‌మెంట్', 'వై?', 'నెల్సన్ మండేలా' చేర్చండి. వీటన్నిటికంటే ముఖ్యంగా, ఓటు పత్రాలు పంచే ముందు పాటలు వినిపించండి. పాట వినకుండా జ్ఞాపకం మీద ఓటు వేస్తే మన కుర్రతనానికి ఓటు వేసుకున్నట్టే అవుతుంది.

అత్యుత్తమ బ్యాండ్‌గా నా ఓటు ది సెలెక్టర్‌కు. ఇందులో చాలామంది నాతో ఏకీభవించరని తెలుసు, వాదనకు సిద్ధపడే వస్తాను. స్పెషల్స్ పక్షాన మాట్లాడే మిత్రులు 2017లో బర్మింగ్‌హామ్ వీధిలో స్పెషల్స్ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని, అరుస్తున్న జాతివాది ఎదుట చిరునవ్వుతో నిలబడ్డ యువతి సఫియా ఖాన్ ఫోటో తెస్తారని అనుకుంటున్నాను. తర్వాత ఆమెనే పిలిచి 2019 నాటి ఆల్బమ్‌లో ఒక పాటలో గొంతు కలపమన్నారని కూడా చెబుతారు. అది బలమైన వాదన, నాకు జవాబు ఇంకా దొరకలేదు. ఆ రోజుకు వెతికి పెట్టుకుంటాను.

మా పక్కింటి పెద్దాయన వెళ్ళిపోయేముందు ఆ రెండు రికార్డులూ నాకిచ్చారు. 1967 నాటి దాని మీద గీతలు చాలా ఉన్నాయి, అయినా ట్రాంబోన్ వచ్చే చోటు బాగానే పలుకుతుంది. సమావేశం సాయంత్రం ఆరింటికని రాశారు. అయిదున్నరకే వచ్చి ప్లేయరు బిగించి పెడతాను. హాలు తాళం ఎవరి దగ్గర ఉందో ముందుగా తెలియజేయగలరు.

ఇట్లు,
కోవెంట్రీ నుంచి
మీ పాత సభ్యుడు